పద్నాలుగో ప్రశ్న

కుతైసిలో మార్చి.
కొండల మీది మంచంతా కరిగి
రియోనీ నది బురద రంగులో పారుతోంది.
నా సంచిలో అరవై ఫారాలు, రెండు పెన్నులు,
మెట్ల దగ్గర కుక్క అడ్డం వస్తే విసరడానికి ఓ రొట్టె ముక్క.

పద్నాలుగో ప్రశ్న ఇదీ:
గత ముప్పై రోజుల్లో డబ్బు లేక మందులు మానేశారా?
అవునంటే ఒకటి. కాదంటే సున్నా.
చెప్పనంటే తొంభై తొమ్మిది.
ఈ మూడు గళ్లలో పట్టని మనిషి
దేశంలోనే ఉండదని మా ప్రొఫెసర్ జౌర్ గారి ధీమా.

త్సియాలా గారిది ఎనిమిదో అంతస్తు.
ఆ లిఫ్టులో దిగడం ఊరికే,
ఎక్కాలంటే మాత్రం నాణెం వెయ్యాలి.
నా దగ్గర చిల్లర లేదు. మెట్లెక్కాను.
తలుపు తీసిన ఆవిడ నా ఆయాసం చూసి నవ్వి
వాల్‌నట్ మురబ్బా ఓ చెంచాడు పెట్టింది.
నాణెం మిగుల్చుకోవడం ఆవిడకి తెలియని విద్య కాదు.

పద్నాలుగు చదివాను.
ఆవిడ లేచి వెళ్లి పాత బ్లేడూ, మాత్రల అట్టా తెచ్చింది.
ఒక మాత్ర బల్ల మీద పెట్టి
నడి గీత మీద బ్లేడు ఆనించి, నొక్కింది.
రెండు ముక్కలు. కాస్త పొడి.
తడి వేలితో పొడి అద్దుకుని నాలిక్కి రాసుకుంది.
"మానెయ్యలేదమ్మా పిక్రియా. వేసుకుంటున్నానని కూడా అనలేను.
నీ కాగితంలో సగానికి చోటుందా?"

లేదు.
అంచున పెన్నుతో రాసుకున్నాను: అర.

మిగతా సగం మార్కెట్ వెనక సందులో దొరికింది,
జుంబర్ తాకట్టు కొట్లో.
ఆయన చిట్టా ముందు మా గణాంకాల శాఖ దిగదుడుపే.
"కుట్టుమిషను, ఆకుపచ్చది, త్సియాలా."
పెన్షన్ రోజున విడుదల.
మాత్రల అట్ట ఖాళీ అయిన వారానికి మళ్లీ తాకట్టు.
ఏడాదిలో పదకొండుసార్లు.
వడ్డీ అసలుని ఎప్పుడు దాటిపోయిందో మిషనుకి కూడా తెలీదు.

దోపిడీ, అని నా నోట్సులో రాయబోతుంటే
ఆయన అద్దం అవతలి నుంచి అడిగాడు,
"నన్ను అడగవా ఆ ప్రశ్నలు?"
నమూనాలో అరవై అయిదు దాటినవాళ్లే.
"మీకెన్ని?"
"అరవై మూడు."
"అయితే కుదరదండీ."
ఆయన డ్రాయరు తెరవబోయి, ఆగి, మళ్లీ మూసేశాడు.
ఏముందో నేను అడగలేదు. నాకు ఫారంలో అంత చోటు లేదు.

అరని కంప్యూటర్ ఒప్పుకోలేదు.
ఎర్రగా మెరిసి, ఒకటో సున్నాయో తేల్చుకోమంది.
"ఖాళీ వదిలెయ్," అన్నారు జౌర్ గారు, టీ కలుపుతూ.
నాలుగు వందల పన్నెండు మంది
నాలుగు వందల పదకొండు మంది అయ్యారు.
చెప్పడానికి సిగ్గుగా ఉంది:
ఆవిడని తీసేయగానే
నా అంకె పక్కన ఒక నక్షత్రం వెలిగింది.
రాత్రంతా ఆ నక్షత్రం చూస్తూ కూర్చున్నాను.
తెల్లారి ఆవిడని మళ్లీ చేర్చాను, ఒకటి అని.
సాయంత్రం తీసేశాను.

చివరికి డెబ్బై మూడో పేజీ అడుగున
చీమ తలకాయంత అక్షరాల్లో ఒక ఫుట్‌నోటు:
ఒకరి జవాబు విశ్లేషణలో చేర్చలేదు.
పరీక్షాధికారులు ధరల సూచీ గురించి అడిగారు.
పట్టిక నాలుగులో కామా తప్పుందన్నారు.
చేతులు కలిపారు.

వచ్చే ఏటి సర్వేకి ఒక కొత్త ప్రశ్న రాసి ఇచ్చాను:
ఎంత వేసుకున్నారు? కోడు లేదు, ఒట్టి గీత.
జౌర్ గారు దాని మీద అడ్డంగా గీశారు.
కోపంతో కాదు. బడ్జెట్టు.
ఒక్కొక్కరి దగ్గర రెండు నిమిషాలు ఎక్కువ పడుతుందట.

ఆదివారం మళ్లీ ఆ భవనానికి వెళ్లాను.
ఈసారి జేబులో నాణెం ఉంది. వేశాను.
తలుపులు గరగరమని మూసుకున్నాయి.
గడియారం చూస్తూ నిలబడ్డాను.
ఎనిమిదో అంతస్తుకి
రెండు నిమిషాలు కూడా పట్టలేదు.