నలభై రెండు అంగుళాలు

టీ కాసేపు ఆగుతుంది, ఆన్సెల్మ్.
ముందు గ్రీజు.

గన్నుని రాత్రంతా పొయ్యి పక్కన పడుకోబెట్టానంటే నవ్వకు.
మైనస్ పద్దెనిమిదిలో గ్రీజు
మాట పడ్డ చుట్టంలా బిగుసుకుపోతుంది.
బతిమాలినా కదలదు.

నిపుల్స్ పద్నాలుగు.
పదమూడు కనిపిస్తాయి.
పద్నాలుగోది ఎడమ పిన్ను వెనక
గడ్డకట్టిన బురద కింద నక్కి ఉంటుంది.
దాన్ని మర్చిపోయిన ఏడు
పిన్ను అరిగింది, బుషింగు అరిగింది,
బకెట్టు కదులుతున్న పన్నులా ఊగింది.
మరమ్మతుకి ఎనిమిది వందల డాలర్లు.
గ్రీజు ట్యూబు ఏడు.

హైడ్రాలిక్ పైపు చెమ్మగా ఉంటే
వేలితో తడమకు.
ఇంజనాపు. ఒత్తిడి వదులు.
తప్పక చూడాల్సొస్తే అట్టముక్క అడ్డం పెట్టి చూడు.
కంటికి ఆనని నూనె ధార
సూదిలా చర్మంలో దూరుతుంది.
మొదట నొప్పి కూడా ఉండదు.
మా తమ్ముడు లాఖ్లన్ ఎడమచేతికి ఇప్పుడు మూడు వేళ్లే.
ఫిడేలు వాయించేవాడు.
ఇప్పుడు ఎవరైనా వాయిస్తుంటే
కాలితో తాళం వేస్తాడు,
బూటు అరిగేలా.

ట్రాకుని మధ్యలో నొక్కు.
రెండు వేళ్ల సందు ఉండాలి.
బిగిస్తే బేరింగులు ఏడుస్తాయి,
వదిలేస్తే వాలులో ఊడి నీ పరువు తీస్తుంది,
మార్గరీ లోయలో, సెప్టిక్ ట్యాంకు గుంట అంచున,
ఇంటావిడ కిటికీలోంచి చూస్తుండగా నాది తీసినట్టు.

కప్లర్లు తుడిచాకే తగిలించు.
ఒక్క ఇసుక రేణువు చాలు పంపుకి.
గుడ్డ శుభ్రమైనదేనా?
అది కాదు. నీ జేబులోది.

ఇక ఈ షెడ్డులో ఉన్నవి.
ఫోర్కులు మూతబడ్డ చేపల ఫ్యాక్టరీ వేలంలోవి,
ఇప్పటికీ వేసవిలో వాసనొస్తాయి.
ఆగరు ఒక్క కంచె పనిలోనే తన ధర తాను కట్టుకుంది.
ట్రెంచరు మాత్రం బ్యాంకుది.
అప్పు చేసి పప్పు కూడు, అన్నాడు లాఖ్లన్.
ఆ పప్పే మమ్మల్ని రెండు చలికాలాలు సాకింది,
వాడికీ వడ్డించాను.

ట్రూరోలో డీలరు పెద్ద బకెట్టు చూపించాడు.
నలభై ఎనిమిది అంగుళాలు, ఎఫీ,
గంటకి ఎంత మంచు ఎత్తొచ్చో లెక్క చూసుకో, అన్నాడు.
చూసుకున్నాను. లెక్క అతని వైపే ఉంది.
జేబులోంచి టేపు తీసి కొలిచి
మళ్లీ జేబులో పెట్టుకున్నాను.
ఏమైంది, అన్నాడు.
గేటు, అన్నాను.

కొండ మీద శ్మశానం గేటు.
రెండు రాతి స్తంభాల మధ్య నలభై నాలుగు అంగుళాలు.
పక్కపక్కన నడిచే ఇద్దరి భుజాలకి
సరిపోతే చాలనుకున్నారు కట్టినవాళ్లు.
మన బకెట్టు నలభై రెండు.
అటో అంగుళం, ఇటో అంగుళం,
ఊపిరి బిగబట్టి తోలాలి.

నా చిన్నప్పుడు
చలికాలంలో పోయినవాళ్లు
ఏప్రిల్ దాకా రాతిగదిలో వరసగా ఎదురుచూసేవాళ్లు,
నేల మెత్తబడేదాకా.
మా అమ్మమ్మ తొమ్మిది వారాలుంది.
ఆదివారం ఆ తలుపు ముందు నుంచి నడుస్తూ
తాతయ్య టోపీ తీసేవాడు,
మేమూ తీసేవాళ్లం,
ఎవరికి తీస్తున్నామో తెలియక.

మొన్న జనవరిలో ఫ్లోరా మెకెకర్న్‌ని
మూడో రోజే దించాం.
రెండడుగుల గడ్డ. బ్రేకరు పగలగొట్టింది.
తర్వాత బ్యాక్‌హో తగిలించాను, కప్లర్లు తుడిచి.
ఆమె మొగుడు డబ్బివ్వబోతే ఇంటికి రమ్మన్నాను, తర్వాత చూద్దామని.
ఆయన రాలేదు.
మెట్ల మీద ఒక సంచీ బంగాళాదుంపలు మాత్రం వచ్చాయి.

అందుకని ఆ బకెట్టు కొనలేదు.
డీలరుకి ఇంత చెప్పలేదులే.

కొట్టు.
పాత నల్ల గ్రీజుని నెట్టుకుంటూ
కొత్తది బయటికొచ్చేదాకా కొట్టు.
పుస్తకంలో గంటలు రాయి: మూడు వేల రెండు వందల ఆరు.
కింద నీ పేరు కూడా.

పదమూడయ్యాయా?
పక్కకి జరుగు,
లైటు ఇటు పట్టు.