బావండ్ల గారికి, నల్లగొండ

చిరునామా అంతే. దేవరకొండ ముద్ర,
వానకు తడిసిన ఇన్లాండు కవరు.

ముందు రామగిరిల కౌన్సిలర్ ఇంటికి పోయిన.
ప్రహరీ మీద నా ఎత్తు అక్షరాలల్ల అదే ఇంటిపేరు.
"బావండ్లోళ్ళంతా మనోళ్ళే గదనే" అన్నడు ముత్తిలింగం.
కవరు వెనక్కి తిప్పిండు.
"పెంటమ్మనా? ఏ వాడ?"
నాకు తెల్వదన్న.
రెండు వేళ్ళతోని పట్టుకొని తిరిగిచ్చిండు.

కాలేజీ గ్రౌండుల కబడ్డీ పిల్ల.
వీపు మీద ఏడు, ఏడు మీద బావండ్ల.
"అందరు గిట్లనే పిలుస్తరు సార్,
నా పేరు నీలవేణని కోచ్‌కు గూడ యాదికుండదు."
మోకాలి దెబ్బకు మట్టి అద్దుకుంట
పెంటమ్మ ఎవరో అమ్మనడిగి చెప్తనన్నది.
అంతల్నె కూతకు పిలిచిండ్రు.

యూనివర్సిటీల ఇమ్మానుయేలు సారు
ఫ్లోరైడు నీళ్ళ మీద ఇంత లావు పుస్తకం రాసిండు.
అద్దాలు తుడుచుకొని అడిగిండు:
"కౌన్సిలర్ వాడ అడిగిండా?"
"అడిగిండు సార్."
"అడుగుతడు. బావులు తవ్వినోళ్ళకూ బావండ్లే,
ఆ బావుల మీదికి రానియ్యనోళ్ళకూ బావండ్లే."
ఉత్తరం మాత్రం ముట్టలే.

పొద్దుగూకినంక సైకిలాపి చూస్తే
తడికి సిరా ఇవతలికి ఊరింది:
"బాయి ఎండింది బిడ్డా, మీల ఎవరన్న..."

మిగిలింది మడతల ఉన్నది.
విప్పే హక్కు నాకు లేదు.
'మనిషి దొరకలేదు' ముద్ర సంచిలనే ఉన్నది గని
రేపొకసారి పోయొస్త,
ఈసారి ముందుగాల గ్రౌండుకు.