పెట్టె కింద పెట్టె

ఎరుక్కంచేరి రోడ్డు మలుపులో
రెండు స్తంభాల మీద ఒక బూడిదరంగు పెట్టె.
దాని నీడలో, ఫుట్‌పాత్ సగం వదిలేసి,
మా అమ్మ ఇస్త్రీ బండి.
పైది రాత్రీ పగలూ మూలిగేది.
ఆ మూలుగు ఆగితే
బండి కింద నాకు నిద్ర తెలివొచ్చేది.

ఒక కార్తీకం వానలో
ఫ్యూజు వెయ్యడానికొచ్చిన దేవసగాయం
టీ చల్లారేలోగా చెప్పాడు,
సగం అరవం, సగం మా తెలుగు:
"లోపల రెండు చుట్టలుండాయి సుబ్బరత్తమ్మక్కా.
ఒకదాన్నొకటి ముట్టుకోవు."

"ముట్టుకోకపోతే ఎట్లా ఇస్తాది?"

మూటలు కట్టే పురికొస అడిగాడు.
నిప్పులు తీసే పట్టకారు, ఆరిందో లేదో చూసుకుని,
ఒక కాలికి చుట్టాడు, చుట్టాడు, చుట్టాడు,
నలభై నాలుగు.
రెండో కాలికి ఒక్కటే.

"ఈ కాలి తీగలో కరెంటు
ముందుకీ వెనక్కీ ఊగతాది, సెకనుకి యాభై సార్లు.
ఆ ఊపుకి ఇనుములో అయస్కాంతం పుడతాది,
చస్తాది, తలకిందులై మళ్ళా పుడతాది.
ఆ ఊగులాటే అవతలి తీగని లేపేది.
ఊగని కరెంటు, బ్యాటరీలోది,
ఎంత పోసినా అవతలికి చీమంత పోదు.
పదకొండు వేల వోల్టులు ఇటు దిగితే
అటు రెండొందల యాభై."

"తక్కింది పెట్టె తినేసిందా?"

"లేదక్కా. తోపు తగ్గింది, ధార లావైంది.
సన్న గొట్టంలో దూకే నీళ్ళే
లావు గొట్టంలో నిదానంగా వస్తాయి గదా.
బిందెల లెక్క ఒకటే.
కొసరు మాత్రం వేడిగా పోతాది, ఆ మూలుగుగా పోతాది.
అందుకే చుట్టూ నూనె."

"నూనెలో వేగతా ఉందన్నమాట."

"వేగడం కాదు, చల్లబడతా ఉంది!"

వేడి సంగతి అమ్మకి ఒకరు చెప్పాలా.
కాసేపు నవ్వి, తర్వాత అడిగింది:
"అంత ఉంది గదా పైన. నాకొక తీగ లాగు.
బొగ్గు కొనలేక చస్తా ఉండా."

దేవసగాయం గ్లాసులోకి చూశాడు.
"మీటరుకి డోర్ నంబర్ కావాలక్కా."

చీకటి పడ్డాక కరెంటొచ్చింది.
వీధి వీధంతా ఒక్కసారి హో అంది.
పైన మూలుగు మొదలైంది.
అమ్మ తలెత్తలేదు, బొగ్గుల మీద ఊదింది.
పట్టకారు మీది పురికొస విప్పుతూ
నలభై నాలుగూ పైకి లెక్కపెట్టి,
ఇరవయ్యేడో నంబర్ ఇంటి మూటకి
బిగించి కట్టింది.