చెవి గుర్తు

నా పేరు బిరెత్.
అమ్మ భాష వచ్చు కాబట్టే ఉద్యోగం ఇచ్చారు.
ఇంటర్వ్యూలో అడిగింది ఒక్కటే:
గాలి హోరులో, స్నోస్కూటర్ మోతలో
మీ సామీ వాళ్ళు గొణిగితే అర్థమవుతుందా అని.
అవుతుందన్నాను. గర్వంగానే అన్నాను.
బడిలో ఆ భాష మాట్లాడినందుకు
అమ్మని గోడ వైపు తిప్పి నిలబెట్టిన రాజ్యం
ఇప్పుడు దానికే జీతమిస్తానంటే
ఎవరికుండదు?

ట్రోమ్సో అవతల కొండ కింద గది.
కిటికీ లేదు.
చలికాలం రెండు నెలలు బయటా సూర్యుడుండడు కనుక
ఆ లోటు తెలియలేదు.
సరిహద్దు అవతలి గొంతులే వింటామని చెప్పారు.
మూడో వారం
హెడ్‌ఫోన్లో పడింది మా ఫ్యోర్డ్ యాస.

నీలాస్.
మేత కొండ మీద గాలిమరలు వద్దని
గుడారం వేసుకు కూర్చున్నవాడు.
ఫైల్లో అతనికి పేరు లేదు, అంకె ఉంది.
అతని జేబులో ఉంటూనే అతని ఫోన్
మా కొలువు చేసేది, ఆపేసినా వినేది.
దగ్గు విన్నాను. కాఫీ పొంగడం విన్నాను.
లాయరుతో అతని మాటలు, వినకూడనివి,
విని, టైపు చేసి, పైకి పంపాను.
రెండు చలికాలాలు.

ఒక రాత్రి అక్క దగ్గర ఏడ్చాడు:
"పెదనాన్న మందలోది, తల్లి వెనకే నడుస్తున్న దూడ,
దాని చెవి మీద నా గుర్తు కోశాను, ఏలీ.
ఎవరికీ చెప్పకు."

మీకు తెలియకపోవచ్చు.
రెయిన్‌డీర్ ఎవరిదో మా దగ్గర చెవే చెబుతుంది.
అంచున కత్తిగాటు, కొసన చీలిక.
మంచులో వెయ్యి తలలు కదిలినా
మా తాత దూరం నుంచే పోల్చేవాడు.
ఇంకొకరి దూడ చెవి కోయడమంటే
హత్యకన్నా ఒక్క మెట్టు కింద.
అదీ టైపు చేశాను.
"దేశభద్రతతో సంబంధం: లేదు" అని రాసి పంపాను.
లేనిదాన్నీ దాచుకుంటారు వాళ్ళు.

ఇంటికొచ్చి అద్దం ముందు
జుట్టు పక్కకి తీసి నా చెవి చూసుకున్నాను.
గాటు లేదు.
తడిమి కూడా చూశాను.

నలభై ఒక్క పేజీలు.
ఊలు చేతితొడుగు బొటనవేట్లో పెన్‌డ్రైవ్.
ఓస్లోలో తూరా అనే విలేకరి
పేర్ల మీద, సొంత విషయాల మీద
నల్లపట్టీలు వేస్తానంది. వేసింది.
నేనూ చూశాను, బొగ్గులాంటి నలుపు.
అచ్చయిన రెండో రోజు
అల్టాలో ఎవరో కుర్రాడు
ఆ నలుపుని కాపీ చేసి ఇంకో చోట అతికించాడు.
అడుగున అక్షరాలు బతికే ఉన్నాయి.

మంత్రి దిగిపోయాడు. చట్టం మారుస్తామన్నారు.
కోర్టు మెట్ల మీద కొందరు కొవ్వొత్తులు పట్టుకున్నారు,
కొందరు ఉమ్మారు.
రెండూ త్వరగానే అలవాటయ్యాయి.
నీలాస్ పెదనాన్న మాత్రం
చట్టం సంగతి చదవలేదు.
ముప్పై రెండో పేజీ చదివాడు.

రాజ్య రహస్యం బయటపెట్టావా, అని అడిగారు.
పెట్టాను.
రాజ్యానిది కానిది ఒకటుంది అందులో,
దాని గురించి ఎవరూ అడగలేదు.
దొంగ కొట్టంలోంచి దూడని విప్పి
సంత నడుమ వదిలాను నేను.
ఇప్పటికీ అనుకుంటాను, విప్పాల్సిందే.
ఇప్పటికీ ఆ దూడ అరుపు వినిపిస్తూనే ఉంది.

తీర్పుకి వారం ముందు ఫోన్ మోగింది.
తెలియని నంబరు. అవతల మాట లేదు.
ఊపిరి ఉంది,
తీసుకున్నప్పుడల్లా చివర సన్నటి ఈలతో.
పేరు పెట్టి పిలవలేదు.
పిలిస్తే, ఎలా పోల్చావని అడుగుతాడు.
అతను పెట్టేసేదాకా విన్నాను.
బల్ల మీద నా వేళ్ళు
వాటంతటవే కదులుతున్నాయి,
టైపు చేస్తున్నట్టు.