ఇంకా పైకి

పద్దెనిమిదేళ్లుగా నా పని
మైనస్ ఇరవై రెండు డిగ్రీల చలిపెట్టెలో
గోరంత పేగుముక్కని గడ్డకట్టించి
ఉల్లిపొర కన్నా పలచగా కోయడం.
పెరంబూరు పిల్లల ఆసుపత్రి, కింది అంతస్తు,
కిటికీలోంచి క్యాంటీన్ సాంబారు వాసన.
పైనుంచి ఫోను మోగేది:
"అలివేలక్కా, సెల్స్ ఉన్నాయా, లేవా?"
ఉన్నాయంటే కుడతారు.
లేవంటే ఇంకాస్త పైకి వెతుకుతారు.
నా జవాబు వెళ్లేదాకా, నలభై నిమిషాలు,
ఎవరి బిడ్డదో కడుపు తెరుచుకునే ఉంటుంది.

ఇవాళ నన్నే పైకి పిలిచారు.
కొత్త యంత్రం. సన్నటి గొట్టం, కొసన నీలి వెలుగు.
రంగుమందు అద్ది ఆనిస్తే చాలు,
కోయక్కర్లేదు, నరాలు తెర మీదికొస్తాయట.
"బొమ్మ వస్తుంది. అదేమిటో చెప్పేవాళ్లు కావాలి"
అంది డాక్టర్ ఎళిలరసి.

బల్ల మీద తొమ్మిది రోజుల పిల్లాడు.
కాలి పట్టీ మీద "పెంచలమ్మ బేబీ". పేరింకా లేదు.
పుట్టిన పిల్లల నల్లమరక వీడి గుడ్డకి అంటనే లేదు.
కడుపు డప్పులా బిగిసింది.

ఎప్పుడో చదువుకున్నాను:
తల్లి కడుపులోనే ఆ కణాలు
మెడ దగ్గర బయలుదేరి నడుస్తాయి,
పేగు పొడుగునా, వారాల తరబడి,
ఎక్కడికక్కడ కొన్ని కాపురం పెడుతూ, కొస దాకా.
వీడిలో ఎక్కడో నిలబడిపోయాయి.
అవి చేరని చోట
పేగు పిడికిలి బిగించి కూర్చుంటుంది.
వదలడం కూడా ఒకరు నేర్పాల్సిందే కాబోలు.

గొట్టం ఆనించారు.
లావుపాటి తీగలు. తీగల మీద పిట్టలు లేవు.
"ఇంకా పైకి" అన్నాను.
తీగలే.
"ఇంకా పైకి."

అప్పుడేదో వచ్చింది.
నేను గుర్తుపట్టలేదు.
అందరూ నావైపే చూస్తున్నారు, నాకు మాట రాలేదు.
నా దగ్గరికి అవెప్పుడూ ఊదారంగులో,
గాజుకి అతుక్కుని వచ్చేవి.
ఇవి కదులుతున్నాయి.
మత్తులో పసివాడు ఊపిరి పీలిస్తే ఇటు,
వదిలితే అటు,
పచ్చటి గూట్లో నాలుగైదు చీకటి గింజలు.
ఇన్నేళ్లూ పోయినవాళ్ల ముఖాలే చూసి
బతికున్న మనిషి ఎదురుపడితే
ఎవరు నువ్వు, అన్నట్టయింది.

"అక్కా?"
"ఉన్నాయి. ఇక్కడ ఆగండి."

అయినా ముక్క తీసి పంపారు.
కొత్త కన్నుని ఇంకా ఎవరూ పూర్తిగా నమ్మరు, నేనూ అంతే.
పరుగున మెట్లు దిగాను. నా చలిపెట్టె, నా కత్తి, నా రంగులు.
అవే. అక్కడే. కదలకుండా.
మొదటిసారి నా స్లైడు నాకు
దండ వేసిన ఫోటోలా కనిపించింది.

వరండాలో తండ్రి రవణయ్య.
వ్యాసర్పాడిలో నీళ్లలారీ నడుపుతాడు.
"లైను ఎక్కడ ఆగిందో దొరికిందా మేడం?"
దొరికిందన్నాను.
పాడైంది తీసేసి, బాగున్నది కిందికి లాగి కుడతారని
వేళ్లతో చూపించాను.
"మా దగ్గరా పైపుకి అంతే చేస్తారు" అని
నవ్వబోయి, ఆగిపోయాడు.

పెంచలమ్మ గోడ వైపు తిరిగి ఉంది.
"ఏడో నెల్లో బిందెలెత్తాను" అంది గోడతో.
కాదమ్మా.
ఆ నడక ఆగింది మూడో నెల నిండకముందే.
వాడున్నాడని అప్పటికి
నీ అత్తకి కూడా చెప్పి ఉండవు.
నమ్మిందో లేదో. కొంగు నోట్లో కుక్కుకుంది.

మూడోనాడు పొద్దున
క్యాంటీన్ దగ్గర టీ ఊదుకుంటుంటే పైనుంచి కేక.
మొదటి అంతస్తు కిటికీ ఊచల్లోంచి
పెంచలమ్మ ఓ గుడ్డ బయటికి చాపి ఊపుతోంది.
మధ్యలో పచ్చగా, ముద్దగా, అరచేయంత మరక.
క్యూలో నా ముందున్నాయన
ఛీ, అని ముఖం తిప్పుకున్నాడు.
నేను చూస్తూనే ఉన్నాను,
టీ మీద మీగడ కట్టేదాకా.