సందు

టప్పుమనింది.
ఎండిన చింతకాయ కాలికింద చిట్లినట్టు.
చిత్తూరు గ్రౌండులో ఎవురికీ వినపడలా,
నాకు మాత్రం లోపల్నుంచి వినపడింది.

ఎవురూ తాకలా నన్ను.
రైడుకు పోయి, బోనస్ గీత తొక్కి,
వెనక్కి మళ్ళేదానికి ఒంటికాలి మీద తిరిగినా, అంతే.
"పట్టుకోకనే పడిందే!" అనింది అవతలి టీము పిల్ల,
పాయింటు వాళ్ళదా కాదా తెలీక.

వార్మప్ ఎగ్గొట్టుంటావన్నాడు జయపాల్ సారు.
దిష్టి అనింది అవ్వ.
నేను మూడు వారాలు మంచంలో పడుకోని
ఆ ఒక్క అడుగే మళ్ళా మళ్ళా వేస్తా ఉంటి,
ఒకసారి మెల్లగా, ఒకసారి ఇంకో కాలితో,
ఒకసారి అసలు రైడుకే పోకుండా.

తిరపతిలో స్కాను.
డాక్టరమ్మ ఫిలిం వెలుతురుకు పెట్టి
పెన్నుమూతతో చూపించింది.
"ఇదో మునికుమారీ, తొడెముక కింద ఈ సందు.
కొందరికి గవిని మాదిరి వెడల్పుగా ఉంటాది.
నీది రెండు మిద్దెల నడాన పిల్లి దూరే సందు."
దాంట్లో నుంచి పోవాల తాడు,
నా చిటికెనేలంత కూడా లావు లేని తాడు,
తిరిగినప్పుడల్లా గోడకు ఒరుసుకుంటా,
గిలక తప్పిన చేదతాడు బావిరాతికి ఒరుసుకున్నట్టు.

"కింద ఎముక తల కూడా చూడు,
వెనక్కి బాగా వాలింది."
ఘాట్ రోడ్డు నాకు యాదికొచ్చింది.
బ్రేకేసి నిలిపిన బస్సు, చక్రం కింద ఒక్క రాయి.
ఆ రాయే తెగిపొయ్యింది.

"అయితే నా తప్పు కాదా మేడమ్?"
ఆమె నవ్వలా.
"ఎముక నువ్వు చేసుకున్నది కాదు.
దూకి దిగేది మాత్రం నువ్వు నేర్చుకునేదే.
ఇట్లాంటి సందుతోనే కడదాకా ఆడినోళ్ళుండారు,
వెడల్పు సందుండీ తెంచుకున్నోళ్ళుండారు."
సగం బరువు దించి
సగం నా ఒళ్ళోనే పెట్టి పంపించింది.

ఇంట్లో అవ్వ మొక్కుకోనుండాది,
నా కాలు బాగైతే మోకాళ్ళ మెట్టు
మోకాళ్ళతోనే ఎక్కుతానని.
వద్దే అవ్వా,
నాకీ మోకాళ్ళు ఎవురిచ్చినారనుకుంటివి?
అవ్వ చీర రవంత పైకి లాగి
తన మోకాళ్ళ పక్క చూసుకునింది,
అప్పుగా ఇచ్చిన చెంబు ఇన్నేళ్ళకు
సొట్టతో తిరిగొచ్చినట్టు.

ఆపొద్దే నా చూపు కౌసి మీద పడింది.
నా చెల్లెలు, తొమ్మిదో తరగతి, స్కూలు టీములో కొత్త.
బట్టలుతికే బండ మీంచి దూకింది.
రెండు మోకాళ్ళూ లోపలికి వాలినాయి
ఒగదాని చెవిలో ఒగటి ఏందో చెప్పుకున్నట్టు.
అచ్చం నా మాదిరే.

కట్టెల ఊతం ఆన్చి నిలబడుకుంటి.
"మళ్ళీ దూకు. మెత్తగా దిగు, వంగి దిగు.
మోకాలు నీ కాలేళ్ళ పక్క చూడాల,
దాని తోడుమోకాలిని కాదు."
"కబడ్డీ ఆడేదానికి ఈ ఎగురుడేందిక్కా?"
ఇరవైకి మూతి ముడిచింది.
ముప్పైకి అలిసిపొయ్యి మళ్ళీ లోపలికే వాల్చింది.
పట్టీ కింద నా కుట్లు నవ పెడతా ఉండాయి.

ఇంగొగసారి, అంటిని.