తొమ్మిదో నంబరు వీపు

మిల్యరాయ్ కిదేల్ ముఖం ఎలా ఉంటుందంటే తడబడతాను.
వీపు గురించి అడగండి, చెబుతాను.
ఎడమ భుజం కుడిదానికంటే ఓ వేలెడు కిందికి.
మెడమీద, జడ మొదలయ్యే చోట,
చిన్నప్పుడు కెటిల్ ఆవిరి కొట్టిన మచ్చ.
పదకొండేళ్లు నా ఉద్యోగం ఆ వీపే.

"ఆమె నీళ్లు తాగడానికెళితే నువ్వూ వెళ్లు" అనేవాడు మా కోచ్.
వెళ్లేదాన్ని.
సగం సీసా తాగి
మిగతా సగం నా చేతికిచ్చేది.
నేను మూత పెడుతుండగా గోల్ కొట్టేది.

మొదటిసారి తెముకోలో, వానలో.
గడ్డి అన్న మాట ఆ మైదానానికి అబద్ధం.
ఆమెకు పంతొమ్మిది.
మగవాళ్ల జట్టు వదిలేసిన జెర్సీ మోకాళ్లదాకా వేలాడుతోంది,
పాత పేరుమీద అంటించిన టేపు
తడిసి ఊడిపోతోంది.
నేను టేపు చూశాను.
బంతిని చూడాల్సింది.

ఫార్వర్డ్ అంటే పరుగు అనుకుంటారు జనం.
ఆమె నిలబడేది.
తొంభై నిమిషాల్లో ఎనభై,
బస్సు కోసం చూసే మనిషిలా
చేతులు నడుముకి ఆనించి, ఎటో చూస్తూ,
నా ఊపిరి వింటూ.
నేను గాలి పీల్చుకునే అరక్షణంలో లేచేది.
బస్సొచ్చిందని నాకు తెలిసేసరికి
వెనక ఎర్రదీపాలే.

గోల్‌కి రూకలు రాలేవి కావు అప్పుడు.
దారిఖర్చులు, మధ్యాహ్నం ఒక ఎంపనాడా.
కలామా వెళ్లాలంటే
ఓ రాత్రి, ఓ పగలు, మళ్లీ సగం రాత్రి బస్సులో.
ఆ ఎడారి ఎత్తులో గాలి పలచన, ముక్కుల్లోంచి నెత్తురు.
అక్కడ ముక్కులో దూది కుక్కుకుని రెండు కొట్టిందని
రేడియోలో విన్నాను,
సార్డిన్ చేపలు డబ్బాల్లో సర్దుతూ.
ఆమెది రొట్టెల బట్టీ, తెల్లారుజామున నాలుగింటికి.
కార్నర్ కిక్ కోసం మోచేతులతో తోసుకునేటప్పుడు
ఆమె దగ్గర పులిసిన పిండి వాసన,
నా దగ్గర తల్కవానో రేవు.
"నువ్వెక్కడున్నావో కళ్లు మూసుకున్నా తెలుస్తుంది" అంది ఒకసారి.
ఆ వారమంతా నిమ్మకాయతో చేతులు రుద్దాను.
మూడు కొట్టింది.

మోకాలు పోయింది నావల్ల కాదు.
ఎవరూ అడగకపోయినా చెబుతున్నాను, నావల్ల కాదు.
నేను రెండడుగుల దూరంలో ఉన్నాను.
మైదానంలో ఓ గుంట.
పచ్చి చిక్కుడుకాయ తుంచినట్టు చప్పుడు.
ఆపరేషన్ డబ్బుకోసం వాళ్ల పేటలో లాటరీ పెట్టారు,
మొదటి బహుమతి గొర్రెపిల్ల.
నాలుగు టికెట్లు కొన్నాను. తగల్లేదు.
ఆ పద్నాలుగు నెలలు నా ఆదివారాలు తేలిగ్గా గడిచాయి.
ఎవరో ఒకరిని కాపలా కాశాను.
ఎవరినో గుర్తులేదు.

మొదటి కాంట్రాక్టు ముప్ఫైరెండో ఏట వచ్చింది.
వృత్తి అన్నచోట
రొట్టెల పని అని సగం రాసి
కొట్టేసిందట.
ఆ కొట్టివేత పక్కన క్లబ్బువాళ్లు సంతకం అడిగారట.

చివరి ఆట. ఎనభై ఒకటో నిమిషం.
ఆమె నిలబడటం ఇప్పుడు నిజంగా నిలబడటమే,
బస్సులు ఆ దారిన రావడం తగ్గింది.
అయినా బంతి వచ్చింది, ఆమె కాళ్లకే.
సోపైపిల్యాలు వేయించే ఆవిడ కూడా
నూనె మూకుడు వదిలి లేచింది.
ఊరంతా నన్ను అడుగుతోంది,
ఒక్కసారికి ఆలస్యంగా రా అని.
నా మీద ఆమెవి పద్దెనిమిది.
ఇంకొకటి ఇస్తే పోయేదేముంది?

పక్కకు జారి, కాలు చాచి,
బంతిని శుభ్రంగా లాగేశాను.
అంత నిశ్శబ్దం నేనే మైదానంలోనూ వినలేదు.
బురదలో పడుంది నేను, నిలబడింది ఆమె.
వంగి చెయ్యందించింది.

"జాలిపడతావేమోనని
వారం రోజులుగా నిద్రలేదు" అంది.

మొదటిసారి నావైపు తిరిగి నిలబడింది.
ఇప్పుడైనా ముఖం చూద్దామనుకున్నాను.
ఫ్లడ్‌లైటు సరిగ్గా ఆమె తల వెనక వెలుగుతోంది.